నాణెం ఎవరి చేతుల్లో తిరిగింది?

విశాఖపట్నం

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం నిదానంగా చదివాను. ఈస్టిండియా కంపెనీ కాలంలో మన ఉత్తరాంధ్రలో చెలామణీ అయిన నాణేల మీద తెలుగులో రాసేవాళ్లు చాలా తక్కువ. ఈ వయసులో నీ మనసు అటు పోయినందుకు నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. అందుకే "బాగుంది" అని ఒక్క ముక్క రాసి ఊరుకోబుద్ధి కాలేదు.

ముందు ఆ 1794 రాగి నాణెం సంగతి. దాన్ని నువ్వు వర్ణించిన తీరు బాగుంది. ఒకవైపు సింహాలు పట్టుకున్న కంపెనీ చిహ్నం, రెండోవైపు హృదయం ఆకారపు గుర్తులో నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, రూపాయికి నలభై ఎనిమిది అన్న లెక్క. ఉత్తర సర్కారుల కోసమని, అంటే మన కోస్తా జిల్లాల కోసమని, బర్మింగ్‌హామ్‌లో మాథ్యూ బౌల్టన్ తన సోహో టంకసాలలో ఆవిరి యంత్రాల మీద కొట్టించిన నాణెం అది. ఇంతవరకూ నీ మాటకు తిరుగులేదు. ఆ తర్వాత "పద్మనాభం యుద్ధంలో చిన విజయరామరాజు సైనికుల నడుముల్లో ఈ నాణేలే గలగలలాడాయి" అన్నావు. వాక్యం చదవడానికి ఇంపుగా ఉంది. కానీ విజయనగరం రాజైన ఆయనకూ కంపెనీకీ మధ్య ఆ యుద్ధం జరిగింది 1794 జులై 10న. అదే ఏడు ఇంగ్లండులో అచ్చైన నాణెం ఓడెక్కి, ఆఫ్రికా కొస చుట్టి, నెలల తరబడి సముద్రం మీద ప్రయాణించి ఈ తీరం చేరాలి. అప్పటికి సూయజ్ కాలువ లేదు కదా. జులైలోపే అది పద్మనాభం కొండ కిందికి వచ్చి సైనికుల నడుముల్లో చేరిందని రాయడానికి నీ దగ్గర ఏ ఆధారమూ లేదు. రెండు చోట్లా ఒకే సంవత్సరం కనపడేసరికి కలిపేశావు. ఆ వాక్యం తీసెయ్యి.

తీసేస్తే వ్యాసం చప్పబడుతుందని బెంగపడకు. దాని వెనకాలే అంతకంటే మంచి విషయం ఉంది. ఆ యుద్ధం పేష్కషు బకాయి మీద, అంటే రాజు కంపెనీకి కట్టాల్సిన కప్పం బకాయి మీద వచ్చింది. అంటే గొడవ మొదలైందే డబ్బు దగ్గర. ఆ బకాయి ఏ నాణెంలో లెక్క కట్టారు? రైతు రాగి దుడ్లతో కడితే రూపాయిల్లోకి మార్చేటప్పుడు షరాబు, అంటే నాణేలు మార్చే వ్యాపారి, ఎంత వట్టం (మార్పిడి కోత) పట్టుకున్నాడు? ఆ నష్టం చివరికి ఎవరి నెత్తిన పడింది? ఇవి అడుగు. అప్పట్లో చేత్తో కొట్టిన మందపాటి రాగి దుడ్లు, రకరకాల రూపాయిలు, వరహాలనే బంగారు నాణేలు అన్నీ కలగలిసి తిరిగేవి. ఏది ఎంతకు చెల్లుతుందో తేల్చేది షరాబు. నీ వ్యాసంలో రాజులున్నారు, కలెక్టర్లున్నారు, షరాబు మాత్రం ఎక్కడా లేడు. నా దృష్టిలో అదే పెద్ద లోటు. మద్రాసు ప్రెసిడెన్సీ రికార్డులు చెన్నై ఎగ్మూరులో తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. సెలవుల్లో వెళ్లి కూర్చో. మొదట్లో ఆ చేతిరాత చూస్తే టెన్షన్ వస్తుంది, కళ్లు లాగుతాయి. కొన్నాళ్లకు అలవాటైపోతుంది.

లెక్క అంటే గుర్తొచ్చింది. మద్రాసు లెక్కలో 80 కాసులు ఒక రూక, 42 రూకలు ఒక వరహా. వంద వరహాలకు 350 రూపాయిలు, అంటే వరహాకు మూడున్నర. ఇప్పుడు కాగితం తీసుకుని వేసి చూడు. రూపాయికి 12 రూకలు, 960 కాసులు. నీ దగ్గరున్న 1808 నాటి 20 కాసుల నాణేలు రూపాయికి ఎన్ని వస్తాయి? నలభై ఎనిమిది! నువ్వు రెండు వేర్వేరు అధ్యాయాల్లో పెట్టిన ఆ రెండు నాణేలదీ ఒకటే విలువ. ఒకదాని మీద రూపాయి లెక్క వేశారు, రెండోదాని మీద కాసుల లెక్క వేశారు. 1818లో మద్రాసు ప్రభుత్వం వరహాను పక్కన పెట్టి వెండి రూపాయిని ప్రమాణం చేసుకునేదాకా ఈ రెండు లెక్కలూ జనం నోళ్లలో కలిసే నడిచాయి. దీన్ని టేబుల్ వేసి వదిలెయ్యకు. సంతలో నిలబడ్డ మనిషి ఈ లెక్క నోటితో ఎలా వేసుకుని ఉంటాడో పాఠకుడికి తెలిసేలా రాయి.

ఇక ఆ 1808 నాణెం. ఆన్‌లైన్‌లో కొన్నానన్నావు, ఎర్రగా మెరుస్తోందని మురిసిపోయావు. దానితో మన ముత్తాతలు ఉప్పూ పప్పూ కొనుక్కున్నారని కూడా రాశావు. ఫొటో పెద్దది చేసి చూశాను. సింహాల జూలు దగ్గర, పారసీ (పర్షియన్) అక్షరాల అంచుల దగ్గర అరుగుదల అన్నదే లేదు. బొమ్మా అక్షరాలూ లేని ఖాళీ జాగా నిండా మాత్రం సన్నటి గుంటలున్నాయి. అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ ఈ 10, 20 కాసుల నాణేలను పీపాల్లో వేసుకుని మద్రాసుకు బయల్దేరి, 1809 జనవరిలో ఇంగ్లండు తీరం దాటకుండానే గుడ్విన్ ఇసుక దిబ్బల దగ్గర తుపానులో మునిగిపోయింది. 1980లలో ఆ సరుకును పైకి తీశారు. ఇప్పుడు ప్రపంచమంతా అమ్ముడుపోతున్న 1808 నాణేల్లో చాలా భాగం అవే. నీది కూడా ఆ ఓడదే అయితే అది మన దేశపు గడ్డ మీద ఒక్కరోజు కూడా చెల్లలేదు, దానితో ఇక్కడెవరూ ఏమీ కొనలేదు. అమ్మినవాణ్ని అడుగు, ఓడ సరుకైతే సాధారణంగా ఆ మాట చెప్పే అమ్ముతారు. అదీ మంచి కథే, కాకపోతే వేరే కథ. మన ఊళ్లలో తిరిగిన నాణెం కావాలంటే అంకె కూడా సరిగ్గా కనపడని, అంచులు గుండ్రంగా అరిగిపోయిన దాన్ని వెతుక్కో. దాని ధర తక్కువ, అది చెప్పేది ఎక్కువ.

"కంపెనీవాళ్లు నాణేల మీద దేవుడి బొమ్మలు వేయలేదు" అన్న నీ మాట దగ్గర బాగా ఆగాను. నువ్వెందుకు అలా రాశావో తెలుసు. రామపట్టాభిషేకమో ఆంజనేయుడో ఉండి, రెండోవైపు ఈస్టిండియా కంపెనీ, హాఫ్ అణా, 1818 అని ఉన్న బిళ్లలను చూపించి జనాన్ని ముంచుతున్నారు కాబట్టి. అవి కంపెనీ నాణేలు కావు, తర్వాతి కాలంలో ఎవరో తయారుచేసిన బిళ్లలు. బియ్యపు గింజల్ని లాగుతుందంటూ రైస్ పుల్లర్ పేరుతో లక్షలు గుంజే ముఠాల చేతుల్లోనూ ఇలాంటి బిళ్లలే ఉంటాయి. వాటి గురించి గట్టిగా రాశావు, అది ఉంచు. కానీ ఆ కోపంలో అసలు నాణేలను కొట్టిపారేశావు. కంపెనీ మద్రాసులో కొట్టిన బంగారు వరహాల మీద విష్ణుమూర్తి ఉన్నాడు. మూడు స్వాముల వరహా మీద వేంకటేశ్వరుడు ఇద్దరు దేవేరులతో ఉన్నాడు. 1807 తర్వాత వచ్చిన వెండి అర వరహా ఒక్కటి చేతిలోకి తీసుకుని చూడు. ఒకవైపు నక్షత్రాల మధ్య గుడి గోపురం, చుట్టూ ఇంగ్లీషు, పారసీ. రెండోవైపు తామర మీద విష్ణువు, చుట్టూ తమిళం, తెలుగు. మన అక్షరాలు కంపెనీ వెండి మీద! భూతద్దం పెట్టి గోపురం పక్కన ఖాళీ జాగాలో వెతికితే కొన్నిటి మీద అడుగున ఇంకో నాణెం గీతలు మసగ్గా కనిపిస్తాయి. స్పెయిన్ డాలర్లను కరిగించకుండా వాటి మీదే ముద్ర కొట్టారు. గోపురం కింద స్పెయిన్ రాజు కాలపు వెండి, పక్కన తెలుగు అక్షరాలు. ఇది రాయకుండా ఎలా ఉండగలవు? నీ వ్యాసంలో రెండు పేజీలు దీనికే ఇచ్చినా నేను ఎక్కువైందనను.

ఎక్కడ వెతకాలని అడిగావు. కొట్లూ వేలాలూ ఎలాగూ ఉన్నాయి. నేనైతే ఇళ్ల నుంచి మొదలుపెట్టమంటాను. వన్‌టౌన్‌లో, భీమిలిలో పాత కుటుంబాలవాళ్ల పూజాపెట్టెల్లో విక్టోరియా రూపాయి ఒకటైనా ఉంటుంది. వరలక్ష్మీవ్రతం కలశంలో వేసేది అదే. ఇవ్వమని అడగొద్దు, చూపించమని అడుగు. ఎవరు తెచ్చారు, ఎప్పుడు ఇచ్చారు, ఏ పెళ్లిలో వచ్చింది, ఇంట్లో పెద్దావిడ చెప్పింది చెప్పినట్టు రాసుకో. నాణేనికి చిల్లు ఉంటే అది ఎవరి మెళ్లో ఉండేదో అడుగు. అంచు మీద టంకం మరక ఉంటే కొక్కెం పీకేసిన గుర్తు. చిన్న చిన్న గాట్లుంటే వెండి మంచిదో కాదో షరాబు పరీక్షించి ఉండొచ్చు. సేకరించేవాళ్లు ఇలాంటి వాటిని పాడైపోయాయని పక్కన పడేస్తారు. నువ్వు పడెయ్యకు, నీకు కావలసినవి అవే. ఏజెన్సీలో ముసలమ్మల మెడలో పాత వెండి నాణేల దండలు కనిపిస్తే మాత్రం బేరం పెట్టకు. ఆమె ఒప్పుకుంటే చూసి, తేదీలు రాసుకుని, దండం పెట్టి వచ్చెయ్యి.

ఎవరైనా పొలంలో దున్నుతుంటే దొరికిందని తెస్తే జాగ్రత్త. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయిలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. చాటుగా కొనకు, రాయించుకో. వందేళ్లు దాటిన నాణేలను దేశం బయటికి పంపడం కూడా నేరమే, విదేశాల నుంచి ఎవరడిగినా పంపకు.

ఇంకొకటి, ఇది నిజంగా బాధతో చెబుతున్నాను. చింతపండు పెట్టి తోమకు. ఆ నల్లటి పొర రెండు వందల ఏళ్లకు పట్టింది, తోమితే నిమిషంలో పోతుంది, దాంతోపాటు సన్నటి గీతలూ పోతాయి. మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో పెట్టకు, జిగురు పట్టి రాగి పచ్చబడుతుంది. మన సముద్రపు గాలికి ఆ పని ఇంకా తొందరగా జరుగుతుంది. కాగితపు పొట్లాలు, గట్టి డబ్బా, అందులో సిలికా జెల్ చాలు.

ప్రతి నాణేనికీ నోటుబుక్కులో మూడు చోట్లు విడిగా ఉంచుకో. నాణెం మీద కంటికి కనిపించేది ఒకచోట, ఇచ్చినవాళ్లు చెప్పింది ఇంకోచోట, నీకు అనిపించింది వేరేచోట. అచ్చులోకి వెళ్లేటప్పుడు కూడా ఈ మూడూ పాఠకుడికి విడివిడిగా తెలియాలి. "చెబుతారు", "అనుకోవచ్చు" అని రాస్తే వాక్యం బలహీనపడుతుందని నువ్వు భయపడుతున్నట్టున్నావు. చరిత్ర రాసేవాడికి ఆ భయం ఉండకూడదు. గట్టిగా తెలిసినది గట్టిగా రాస్తావు కాబట్టి తెలియని చోట తగ్గి రాస్తే ఎవరూ నిన్ను చిన్నచూపు చూడరు. మద్రాసు మ్యూజియంవాళ్లు 1890లో అచ్చేసిన కంపెనీ నాణేల జాబితా సంపాదించు. నీ నాణేలను అందులో వాటితో ఒక్కొక్కటిగా పోల్చి చూసుకున్నాకే "అరుదైనది" అన్న మాట వాడు. ఇప్పుడున్న వ్యాసంలో పేజీకి ఒకటి చొప్పున ఉంది ఆ మాట.

నీ భాష గురించి ఏమీ అనను. బాగుంది, నీదిగా ఉంది. దాన్ని మార్చుకోకు.

పద్మనాభం పేరా తీసి షరాబు మీద ఒకటి రాయి. 1794, 1808 నాణేలను ఒకే అధ్యాయంలోకి తీసుకురా. కురుపాం మార్కెట్‌లో తెలిసిన కంసాలి ఎవరైనా ఉంటే రెండింటినీ ఎలక్ట్రానిక్ త్రాసు మీద తూయించి, తూకాలు పక్కపక్కన రాసి పంపు. ఫొటోలు రెండు వైపులా కావాలి, ఫ్లాష్ లేకుండా, పక్కన స్కేలు పెట్టి తియ్యి. కిటికీ వెలుతురులో ఏటవాలుగా తీస్తే అరుగుదల బాగా తెలుస్తుంది. దసరా లోపల పంపితే నేను చూసి, ఏ పత్రికకు ఇద్దామో చెబుతాను.

ఇట్లు,
నీ మాస్టారు