మందు డబ్బా తీసే ముందు షెడ్డు చూడు

అమ్మాయ్,

కోళ్ల షెడ్డు పని పూర్తయిందని, కోడిపిల్లల్ని దించే తేదీ కూడా ఖాయమైందని అక్క చెప్పింది. చాలా సంతోషం. నువ్వు పంపిన ఖర్చుల పట్టిక మొత్తం చదివాను. అందులో ఒక వరస దగ్గర ఆగిపోయాను. మొదటి ఐదు రోజులు నీళ్లలో యాంటీబయాటిక్, మూడో వారంలో మరో కోర్సు అని రాసుకున్నావు. ఇంకా రోగమే రాలేదు కదా తల్లీ! ఎవరో పెద్ద రైతు చెప్పి ఉంటారు. ఆ వరస కొట్టెయ్యమని అడగడానికే ఈ ఉత్తరం. ఇన్నేళ్లు కోళ్ల డాక్టరుగా చేశాక ఈ ఒక్క విషయంలో నాకు అనుమానం లేదు. అలవాటుగా పోసే మందు అవసరం పడిన రోజున పనిచేయదు.

ఎందుకో చెప్తాను. కోడి పేగులో ఈ.కోలై లాంటి బ్యాక్టీరియా కోట్లలో ఉంటుంది. అందులో ఏ కొన్నింటికో మందును తట్టుకునే జన్యువు ముందే ఉంటుంది. మందు పోయగానే మిగతావి చస్తాయి, ఖాళీ అయిన చోటంతా ఈ మొండివే నిండుతాయి. పైగా ఆ జన్యువులు చాలాసార్లు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ వలయం మీద ఉంటాయి. ఆ వలయాన్ని ఒక బ్యాక్టీరియా పక్కనున్న మరో రకం బ్యాక్టీరియాకు కూడా అందించగలదు. ఒకే వలయం మీద మూడు నాలుగు మందులకు సరిపడా జన్యువులు ఉండొచ్చు. అంటే నువ్వు ఒక మందు పోస్తూ, ఎప్పుడూ వాడని మందుకు కూడా నిరోధం పెంచుతుండొచ్చు. మందు మారిస్తే సరిపోతుందనుకునేవాళ్లు ఈ సంగతి మర్చిపోతారు.

ఇది షెడ్డులోనే ఉండిపోయే వ్యవహారమూ కాదు. స్టువర్ట్ లెవీ అనే అమెరికన్ శాస్త్రవేత్త బృందం ఒక ఫారంలో కోళ్లకు టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కలిపిన మేత పెట్టి చూసి, 1976లో ఆ ఫలితాలు ప్రచురించింది. వారం తిరిగేసరికి కోళ్ల పేగుల్లో దాదాపు అన్నీ ఆ మందుకు లొంగని బ్యాక్టీరియాలే. ఐదారు నెలలకు ఆ ఫారంలో ఉండే మనుషుల పేగుల్లోనూ అవి బాగా పెరిగాయి, ఇరుగుపొరుగు వాళ్లలో అలా పెరగలేదు. అందుకే షెడ్డు చెప్పులు ఇంట్లోకి రానివ్వకు. చేతులు సబ్బుతో కడగకుండా పాపను ఎత్తుకోకు. కోళ్లెరువును పచ్చిది పచ్చిగా పొలానికి తోలకు, కుప్ప పోసి లోపల బాగా వేడెక్కి మాగనివ్వు.

మరో సంగతి. కోలిస్టిన్ పేరు విన్నావు కదా. ఆసుపత్రిలో మరే మందూ పనిచేయనప్పుడు ఆఖరున వాడే మందుల్లో అదొకటి. దానికి లొంగకుండా చేసే ఎంసీఆర్-1 అనే జన్యువు ప్లాస్మిడ్ మీద ఉందని 2015లో చైనా నుంచి రిపోర్టు వచ్చింది. పందుల్లోనూ, పచ్చి కోడిమాంసంలోనూ, రోగుల్లోనూ దొరికింది. పిల్లలు బాగా పెరుగుతాయని ఎవరు ఇచ్చినా ఆ మందు ముట్టుకోకు. ఈ మాట గట్టిగానే చెబుతున్నాను.

ఆపితే ఫలితం ఉంటుందా అంటే ఉంటుంది. కెనడాలోని క్యూబెక్‌లో గుడ్లు పొదిగించే హ్యాచరీల్లో గుడ్డులోనే సెఫ్టియోఫర్ అనే యాంటీబయాటిక్ ఎక్కించేవారు. 2005లో మానుకున్నారు. ఆ మందుకు లొంగని సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా అమ్మే కోడిమాంసంలోనూ తగ్గింది, మనుషుల్లోనూ తగ్గింది. కాబట్టి పిల్లల్ని బుక్ చేసేటప్పుడే హ్యాచరీని అడుగు, గుడ్డులో గానీ మొదటిరోజు గానీ ఏదైనా యాంటీబయాటిక్ ఇస్తున్నారా అని. అడగడానికి మొహమాటపడకు, డబ్బు కడుతున్నది నువ్వు.

ఇప్పుడు అసలు పని. మందుతో తీర్చుదామనుకునే చాలా సమస్యలు షెడ్డు నిర్వహణలో పుట్టినవే. పిల్లలు రాకముందు కనీసం ఒక రోజంతా షెడ్డును వేడి చెయ్యి, కింద పొట్టు కూడా వెచ్చబడాలి. గాలి 32 నుంచి 34 డిగ్రీలు ఉంటే సరిపోతుంది. థర్మామీటర్ ఒక్కటే నమ్మకు. నాలుగైదు పిల్లల్ని పట్టుకుని వాటి కాళ్లు నీ చెంపకు ఆనించి చూడు. చల్లగా తగిలితే పిల్ల చలిలో ఉన్నట్టే, ఇక అది మేత దగ్గరికి వెళ్లదు. మర్నాడు పొద్దున పిల్ల మెడ కింద ఉండే మేతసంచి, అంటే తిన్న మేత నిలిచే తిత్తి, తడిమి చూడు. మేత, నీళ్లు కలిసి మెత్తగా నిండి ఉండాలి.

తర్వాత లిట్టర్, అంటే కింద పరిచిన పొట్టు. గుప్పెడు తీసి గట్టిగా పిండి, చెయ్యి తెరువు. ముద్దలా నిలబడితే తడి ఎక్కువైనట్టే. మెల్లగా విడిపోతే బాగుంది. తడి లిట్టర్ నుంచి అమ్మోనియా అనే ఘాటు వాయువు వస్తుంది. అది గొంతు గొట్టంలో ఉండే సన్నని నూగును దెబ్బతీస్తుంది. దుమ్మునూ సూక్ష్మజీవులనూ బయటికి నెట్టేది ఆ నూగే. అది పోయాక ఈ.కోలై ఊపిరితిత్తులకు అంటుకుని ఉండే గాలి సంచుల్లోకి దిగుతుంది, గురక మొదలవుతుంది, మందు డబ్బా బయటికి వస్తుంది. నిజానికి ఆ రోజున కావలసింది గాలి, పొడి పొట్టు. పొద్దున షెడ్డులోకి వెళ్లగానే కోడి తల ఎత్తుకు వంగి కూర్చుని పీల్చు, కళ్లు మండుతున్నాయేమో చూడు. కాసేపయితే ముక్కు అలవాటు పడిపోతుంది, అందుకే వెళ్లగానే చూడమంటున్నాను. పైపుల్లో జిగురులా పట్టే పొర కూడా సూక్ష్మజీవుల నిలయమే. బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ మధ్య నీళ్ల లైను పూర్తిగా కడిగించు.

ఇంత చేసినా రోగం వస్తుంది, రాదని నేను చెప్పను. అప్పుడు ముందు చచ్చిన కోడిని కోయించి చూడు. కొక్కెర తెగులు, గంబోరో అనే జబ్బులు వైరస్‌ల వల్ల వచ్చేవి, వాటి మీద యాంటీబయాటిక్ పనిచేయదు. బ్యాక్టీరియా అని తేలితే, అది ఏ మందుకు లొంగుతుందో చెప్పే సెన్సిటివిటీ టెస్టు ల్యాబ్‌లో చేయించు. పళ్లెం నిండా బ్యాక్టీరియా పెంచి, మీద మందు బిళ్లలు పెడతారు. పనిచేసే మందు చుట్టూ నున్నటి ఖాళీ వలయం కనిపిస్తుంది, పనిచేయని బిళ్లనైతే బ్యాక్టీరియా ఒరుసుకుని మరీ పెరుగుతుంది. ఒకసారి నువ్వే వెళ్లి చూడు, నా మాటలకన్నా ఆ పళ్లెం బాగా చెబుతుంది. రిపోర్టు వచ్చేలోపు చావులు పెరిగిపోతుంటే దగ్గరి డాక్టర్ని పిలువు, షాపులో అడిగి మందు తెచ్చుకోకు.

మందు రాసిస్తే చెప్పిన మోతాదు, చెప్పినన్ని రోజులు. జబ్బు కోడి నీళ్లు తక్కువ తాగుతుంది, అందుకని మోతాదు లెక్క డాక్టరు చేతే వేయించు. అమ్మకానికి ముందు మందు ఆపే గడువు తప్పక పాటించు. అయితే ఆ గడువుతో మాంసంలో మందు అవశేషం తగ్గుతుంది గానీ, పుట్టిన మొండి బ్యాక్టీరియా పోదు. వంటలో బాగా ఉడికితే అదీ చస్తుంది, కానీ పచ్చి మాంసం తగిలిన కత్తి, చేతులు అది మనిషికి చేరే మరో దారి.

ఒక నోటు పుస్తకం పెట్టు. ఏ తేదీన ఏ మందు, ఎందుకు, ఎన్ని కోళ్లకు అని రాయి. పిల్లలు దిగిన రాత్రి ఉష్ణోగ్రతలు, మర్నాటి మేతసంచి సంగతి నాకు ఫోన్లో చెప్పు. ఆ వారమంతా ఎప్పుడు చేసినా ఎత్తుతాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య