మాంచెస్టర్‌లో ఎంగెల్స్ వ్యాపారం

ప్రశ్న: కార్మికుల పక్షాన జీవితమంతా రాసిన ఫ్రెడరిక్ ఎంగెల్స్ స్వయంగా మిల్లు యజమాని అనీ, ఇంగ్లండులో వ్యాపారం చేశారనీ చదివాను. ఇది నిజమేనా? ఆయన ఏయే దేశాలు తిరిగారు? – ఒక పాఠకుడు

జవాబు: నిజమే కానీ, ఆ వ్యాపారంలో ఆయన భాగస్వామిగా ఉన్నది చివరి అయిదేళ్లు మాత్రమే. ప్రష్యా (నేటి జర్మనీ)లోని బార్మెన్‌లో 1820లో పుట్టిన ఎంగెల్స్‌ను తండ్రి చదువు పూర్తికాకముందే మాన్పించి, బ్రేమెన్ రేవులోని ఒక ఎగుమతి వ్యాపారి దగ్గర పని నేర్చుకోవడానికి పెట్టారు. ఆ తర్వాత, ఎర్మెన్ సోదరులతో కలిసి తాను నడుపుతున్న నూలు దారం కంపెనీలో అనుభవం వస్తుందని 1842లో మాంచెస్టర్‌కు పంపారు. కొడుకు తలకెక్కిన విప్లవ భావాలు కూడా అక్కడ దిగిపోతాయని ఆశించి ఉంటారు. జరిగింది సరిగ్గా తలకిందులు. ఆఫీసు పని ముగిశాక ఐరిష్ యువతి మేరీ బర్న్స్ తోడుగా కార్మికవాడలు తిరిగి చూసినదంతా 1845లో పుస్తకంగా వచ్చింది.

యూరప్ అంతటా తిరుగుబాట్లు రేగిన 1848 విప్లవ కాలంలో ఆయన చేసిన ప్రయాణాలు చాలావరకు పారిపోవడాలే. అరెస్టు వారంటు రావడంతో కొలోన్ విడిచారు, బెల్జియం వెళ్లగొట్టింది, చివరకు పారిస్ నుంచి స్విట్జర్లాండుకు కాలినడకన బయలుదేరారు. అంత కష్టంలోనూ బర్గండీలో ద్రాక్షకోతల కాలాన్ని ఆస్వాదిస్తూ తీరిగ్గా నడిచారంటే మనిషి స్వభావం తెలుస్తుంది. మరుసటి ఏడాది జర్మనీలోని బాడెన్ తిరుగుబాటులో పోరాడి ఓడిపోయాక, జెనోవాలో తెరచాప ఓడ ఎక్కి లండన్ చేరారు.

1850లో మళ్లీ మాంచెస్టర్ ఆఫీసులో కూర్చున్నది ఇష్టంతో కాదు; లండన్‌లో పేదరికంతో సతమతమవుతున్న మార్క్స్ కుటుంబాన్ని ఆదుకోవడానికి ఆయనకు జీతం కావలసివచ్చింది. దారిలో దొంగల పాలు కాకుండా బ్యాంకు నోట్లను రెండుగా కత్తిరించి, ఒక్కో సగాన్ని వేర్వేరు కవర్లలో పంపేవారు. నా దృష్టిలో ఆ డబ్బుకంటే విలువైనది వ్యాపారం లోపలి సమాచారం. యంత్రాలను ఎన్నేళ్లకు మారుస్తారని 1858లో మార్క్స్ అడిగితే, యంత్రం విలువలో ఏటా ఏడున్నర శాతం తరుగు కింద రాస్తారని, అంటే సుమారు పదమూడేళ్లకు మారుస్తారని ఎంగెల్స్ లెక్కకట్టి చెప్పారు. ‘పెట్టుబడి’ గ్రంథ రచనకు ఇలాంటి జవాబులు ఎంతో అక్కరకొచ్చాయి. పగలు పత్తి ధరలు, ఉత్తరప్రత్యుత్తరాలు, సెలవుల్లో చెషైర్ పెద్దమనుషులతో నక్కల వేట, రాత్రి మేరీ ఇంట్లో విప్లవ చర్చలు: ఈ రెండు బతుకులనూ ఆయన దాదాపు ఇరవై ఏళ్లు ఈడ్చుకొచ్చారు. 1864లో భాగస్వామి అయ్యారు. 1869లో ఆఫీసుకు వెళ్లే చివరి ఉదయం, బూట్లు తొడుక్కుంటూ ‘ఇదే ఆఖరుసారి’ అని ఆయన ఆనందంతో అరవడం అప్పుడు ఆ ఇంట్లో ఉన్న మార్క్స్ కూతురు ఎలినార్ విన్నారు.

ఐర్లండుకు 1856లో మేరీతోనూ, 1869లో ఆమె చెల్లెలు లిజ్జీతోనూ వెళ్లారు. 1888లో అట్లాంటిక్ దాటి న్యూయార్క్, బోస్టన్, నయాగరా, కెనడా చూసి వచ్చారు. సభలూ సన్మానాలూ తప్పించుకోవడానికి ఆ ప్రయాణాన్ని రహస్యంగా ఉంచారు.