పంట రుణంతో నాన్నగారి జీపు బాగుచేయొచ్చా?

ప్రశ్న: మాది సఖినేటిపల్లి దగ్గర. వయసు 43. మూడెకరాల కొబ్బరి, రెండెకరాల వరి ఉన్నాయి. నాన్నగారు 1984లో కొన్న మహీంద్రా డీజిల్ జీపు ఆయన పోయాక 11 ఏళ్లుగా పాకలోనే తుప్పు పడుతోంది. వెల్డింగ్ నాకు వచ్చు, మెషిన్ కూడా ఇంట్లోనే ఉంది. బాడీ కోసేసి, ఇసుకలో తిరిగే డ్యూన్ బగ్గీలా చేసి, అంతర్వేది తీర్థానికి పిల్లల్ని అందులో తీసుకెళ్లాలని ఆశ. 2 లక్షలు అవుతుందనుకుంటున్నాను. పంట రుణం 4 శాతానికే వస్తోంది కదా, అందులోంచి వాడొచ్చా? లేదంటే మా ఆవిడ నగలు బ్యాంకులో పెట్టనా?

జవాబు: జీపును తుక్కుకి అమ్మేయమని నేను చెప్పను. నాన్నగారి చేతిలో నడిచిన బండి మళ్లీ స్టార్ట్ కావాలన్న కోరిక న్యాయమైనది, పైగా పని మీ చేతుల్లో ఉంది. కానీ పంట రుణం మాత్రం ముట్టుకోకండి.

గడువులోపు కట్టిన రైతుకు 3 లక్షల వరకు పంట రుణం మీద 7 శాతంలో 3 శాతం రాయితీ వస్తుంది. అలా అది 4 శాతం అవుతుంది. గడువు దాటితే ఆ రాయితీ పోతుంది. అసలు ఆ డబ్బు ఇచ్చేది సాగుకి. అది జీపులో పోస్తే సార్వాలో దమ్ముకి, నాట్లకి, ఎరువులకి ఎక్కడినుంచి తెస్తారు? ఊళ్లో రెండు రూపాయల వడ్డీకే కదా. 2 లక్షలకి బ్యాంకులో ఏడాదికి 8 వేలు అయ్యే వడ్డీ అక్కడ 48 వేలవుతుంది. బగ్గీ అసలు ఖరీదు ఇలా పెరుగుతుంది. నగల సంగతి కూడా అంతే. తుఫానుకి చెట్లు పడినా, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోయినా రాత్రికి రాత్రి ఆదుకునేది ఆ కాసులే. వాటిని అలాగే ఉంచండి.

కొబ్బరి డబ్బుతో చేయండి. రెండు నెలలకో దింపు లెక్కన ఏడాదికి ఆరు దింపులు. ఇంటి ఖర్చు, పిల్లల ఫీజులు తీసేశాక దింపుకి 8 వేలు విడిగా ఒక సేవింగ్స్ ఖాతాలో వేస్తే ఏడాదికి 48 వేలు. రేటు పడిపోయిన దింపుకి వేయకండి, టెన్షన్ పడకండి. 2 లక్షలకి నాలుగేళ్లు దాటుతుంది. పెద్దబ్బాయి కాలేజీకి వెళ్లే ఏడాది ఉంటే ఆ ఏడు పని ఆపేయండి.

పైసా ఖర్చు పెట్టేముందు ఒక మధ్యాహ్నం కేటాయించి, చిన్న సుత్తితో చాసిస్ పొడవునా తట్టి చూడండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, లోపల తినేసినది దబ్బుమంటుంది. కమాన్ పట్టీలు తగిలించే చోట్ల స్క్రూడ్రైవర్ మొనతో నొక్కండి. సముద్రపు ఉప్పు గాలి, నేల చెమ్మ కలిసిన మన ప్రాంతంలో తుప్పు లోపలినుంచే తింటుంది, పైన పెయింట్ బాగానే కనిపిస్తుంది. మొన లోపలికి దిగిపోతే మీ 2 లక్షల అంచనా సరిపోదు. అప్పుడు ఆగి కొత్త లెక్క వేసుకోండి. చాసిస్ గట్టిగా ఉంటే దాని పని, తర్వాత బ్రేకులు, ఇంజన్, వైరింగ్. పెయింట్ ఆఖరికి. ముందే రంగు వేయించి, డబ్బులైపోయి మూలన పెట్టిన బండ్లు చాలా చూశాను, ప్రతిసారీ మనసు చివుక్కుమంది. వెల్డింగ్‌కి ముందు డీజిల్ ట్యాంకు విప్పి దూరంగా పెట్టండి.

బాడీ కోయడం మాత్రం వద్దు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. బగ్గీగా మారిస్తే రిజిస్ట్రేషన్ రెన్యువల్ కాదు, ప్రమాదం జరిగితే బీమా దగ్గరా చిక్కే. అసలు రూపంలో ఉంచితే 2034లో 50 ఏళ్లు దాటాక వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి అడగొచ్చు.

కాగితాలకీ డబ్బు పక్కన పెట్టండి. 20 ఏళ్లు దాటిన కారు, జీపులకి రెన్యువల్ ఫీజు 2025 ఆగస్టులో 10 వేలు చేశారు. ఆలస్యపు రుసుము, గ్రీన్ ట్యాక్స్, థర్డ్ పార్టీ బీమా దీనికి అదనం. నాన్నగారి పేరు నుంచి మీ పేరుకి ఫారం 31, రెన్యువల్‌కి ఫారం 25. మొత్తం ఎంతవుతుందో అమలాపురం రవాణా కార్యాలయంలో ముందే అడిగి రాసుకోండి.

ఒక్క జాగ్రత్త. తుప్పు గీకేటప్పుడు చాసిస్ నంబరు ఉన్న చోట గ్రైండర్ పెట్టకండి. కిరసనాయిలు గుడ్డతో తుడిచి, నంబరు కనబడగానే ఫొటో తీసుకుని, గ్రీజు రాసి ఉంచండి. ఆ అంకెలు చెరిగిపోతే ఎంత ఖర్చు పెట్టినా బండిని రోడ్డెక్కించడం కష్టం.