సి డ్రైవ్‌ని రెండుగా చేస్తే డేటా పోతుందా? నాది ఎలా పోయిందో చెప్తాను

మీరడిగింది: 512 జీబీ ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని డిస్క్) మొత్తం ఒకే సి డ్రైవ్‌గా వచ్చింది, సగం నిండింది, విండోస్ మళ్లీ వేయకుండా, ఫైళ్లు పోకుండా డి డ్రైవ్ చేసుకోవచ్చా అని. చేసుకోవచ్చు, ఫార్మాట్ అక్కర్లేదు. విండోస్‌లోనే ఉండే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి సి మీద రైట్ క్లిక్ కొట్టి ష్రింక్ వాల్యూమ్ అంటే వెనక కొంత ఖాళీ తేలుతుంది, అందులో కొత్త వాల్యూమ్ (అదే మీ డి డ్రైవ్) చేసుకోవడమే. చివర్లో ఉన్న ఫైళ్లను విండోస్ ముందుకు సర్దేసి, ఆ తర్వాతే సరిహద్దు జరుపుతుంది. ఈ పని నావీ, తెలిసినవాళ్లవీ కలిపి చాలా మెషీన్ల మీద చేశాను, ఇంతవరకూ ఒక్క ఫైలు పోలేదు.

నాకు పోయింది ఇంకోలా, అదీ బుద్ధిగా బ్యాకప్ తీసుకున్న మర్నాడు.

డెస్క్‌టాప్‌లో విండోస్ ఒక చిన్న ఎస్ఎస్‌డీ మీద, డేటా అంతా 1 టీబీ హార్డ్ డిస్క్ మీద ఉండేది. ఆ హార్డ్ డిస్క్‌ని తుడిచేసి మళ్లీ శుభ్రంగా పార్టిషన్లు (డిస్క్‌లో విడివిడి భాగాలు) వేద్దామని, ముందురోజు రాత్రి కూర్చుని అన్నీ ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి ఎక్కించాను. అదీ 1 టీబీదే. పొద్దున్న మొదలుపెడితే ఒక పాత రికవరీ పార్టిషన్ (విండోస్ పాడైతే బాగుచేసే ఫైళ్లుండే భాగం) దగ్గర డిలీట్ ఆప్షన్ రాలేదు, దాంతో కమాండ్ ప్రాంప్ట్‌లో డిస్క్‌పార్ట్ అనే టూల్ తెరిచాను. లిస్ట్ డిస్క్ కొడితే 0 ఎస్ఎస్‌డీ, 1 ఏమో 931 జీబీ, 2 కూడా 931 జీబీ. పేర్లుండవు అక్కడ, అంకెలూ సైజులే. ఎక్స్‌టర్నల్ కేబుల్ పీకాలన్న ఆలోచనే రాలేదు, "లోపలిది 2 కదా" అనుకుని సెలెక్ట్ కొట్టి, క్లీన్ అన్నాను. "నిజంగానే తుడవాలా" అని డిస్క్‌పార్ట్ అడగదు. ఒక్క సెకనులో అయిపోయింది.

అయినా అప్పటికి కొంప పూర్తిగా మునగలేదు. క్లీన్ అంటే డిస్క్ మొత్తం తుడవడం కాదు, ఏ పార్టిషన్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రాసుకున్న పట్టికను చెరిపేస్తుంది (క్లీన్ ఆల్ అంటే మాత్రం ప్రతి సెక్టారులో సున్నాలు నింపుతుంది, దాని జోలికి పోకండి). ఫైళ్లు ఉన్నచోటే ఉంటాయి. అక్కడే ఆగి టెస్ట్‌డిస్క్ అనే ఉచిత టూల్ నడిపి ఉంటే పాత పార్టిషన్ దాదాపు ఉన్నదున్నట్టు దొరికేది, ఎందుకంటే ఎన్‌టీఎఫ్ఎస్ (విండోస్ డిస్క్‌లో ఫైళ్లను సర్దే పద్ధతి) తన బూట్ సెక్టారుకి (పార్టిషన్ వివరాలుండే మొదటి ముక్క) ఇంకో కాపీని పార్టిషన్ చివర పెట్టుకుంటుంది, టెస్ట్‌డిస్క్ ఇలాంటి ఆనవాళ్లే వెతుకుతుంది. కానీ తప్పు డిస్క్ తుడిచానన్న సంగతి నాకు తెలిస్తే కదా! డిస్క్‌ని ఇనిషియలైజ్ చేయాలి అని విండో వస్తే ఓకే కొట్టాను, కొత్త వాల్యూమ్ చేశాను, క్విక్ ఫార్మాట్ కూడా కానిచ్చాను. ఆ తర్వాత ఎక్స్‌ప్లోరర్ తెరిస్తే తుడిచేశాననుకున్న ఫైళ్లన్నీ లోపలి డిస్క్‌లో నిక్షేపంగా కనిపించాయి. అప్పుడు చల్లబడ్డాయి చేతులు.

రాత్రి ఎక్కించినవాటికి ఢోకా లేదు, అసలువి లోపలే ఉన్నాయి. పోయినవి ఆ ఎక్స్‌టర్నల్‌లో మాత్రమే ఉన్న పాతవి, అంతకు ముందు ల్యాప్‌టాప్ వదిలేసేటప్పుడు దింపుకున్న ఆరేడేళ్ల ఫోటోలూ వీడియోలూ. దాన్ని ఇన్నాళ్లూ బ్యాకప్ డిస్క్ అని పిలిచాను గానీ, వాటికి అదొక్కటే కాపీ అని ఆ రోజే వెలిగింది.

ఫోటోరెక్ అని టెస్ట్‌డిస్క్‌తో పాటే వచ్చే టూల్ ఉంటుంది, దాన్ని రాత్రంతా నడిపాను (దొరికినవి ఇంకో డిస్క్‌లో సేవ్ చేయాలి, అదే డిస్క్‌లో చేస్తే మిగిలినవాటిని మీ చేత్తో మీరే తొక్కేసినట్టు). ఫోటోలు చాలావరకు వచ్చాయి, కాకపోతే అది ఫైలు లోపలి గుర్తులు చూసి ఏరుతుంది కాబట్టి పాత పేర్లు లేవు, ఫోల్డర్లు లేవు. అన్నిటికీ ఎఫ్ అక్షరం, పక్కన పొడుగాటి అంకె. మధ్యలో వేలకొద్దీ గోరంత థంబ్‌నెయిళ్లు. ముక్కలు ముక్కలుగా సేవ్ అయిన వీడియోలు కొన్ని అసలు తెరుచుకోలేదు. ఆ కుప్పను సర్దడం నేటికీ పూర్తి కాలేదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మీది ఎస్ఎస్‌డీ. నాకు ఆ మాత్రమైనా దొరికింది అది తిరిగే హార్డ్ డిస్క్ కాబట్టి. ఎస్ఎస్‌డీని ఫార్మాట్ చేస్తే ఈ బ్లాకులు ఇక అక్కర్లేదని విండోస్ ట్రిమ్ కమాండ్ పంపుతుంది, కాసేపటికి ఎస్ఎస్‌డీ వాటిని నిజంగానే ఖాళీ చేసేస్తుంది. ఆ తర్వాత ఏ రికవరీ సాఫ్ట్‌వేర్ కొన్నా పెద్దగా ఉపయోగం ఉండదు. అందుకే బ్యాకప్ ముందే వేరే డిస్క్‌లోకి తీసుకోండి, అందులో రెండు మూడు ఫైళ్లు తెరిచి చూసుకోండి, కేబుల్ పీకేయండి, అప్పుడు మొదలుపెట్టండి. రేపు చేయబోయే డి డ్రైవ్‌లో పెట్టుకుంటే అది బ్యాకప్ కాదు, ఎస్ఎస్‌డీ పోతే సి, డి రెండూ కలిసే పోతాయి.

సైజు ఇప్పుడే ఆలోచించుకుని వేయండి. తర్వాత సి చాలక డి లోంచి కొంచెం లాక్కుందామంటే చిక్కు అక్కడ వస్తుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సి పెరగాలంటే ఖాళీ దానికి కుడిపక్కన అంటుకునే ఉండాలి, డి ని ష్రింక్ చేస్తే వచ్చే ఖాళీ ఏమో డి కి అవతల వస్తుంది. అప్పుడు చాలామంది వేరే పార్టిషన్ టూల్‌తో డి మొదలునే కుడికి జరుపుతారు. చూడ్డానికి మౌస్‌తో గీత లాగినట్టే ఉంటుంది గానీ, లోపల డి లో ఉన్న డేటానంతా చదివి ఇంకోచోట రాయాలి, గంటలు పట్టొచ్చు, మధ్యలో కరెంటు పోయినా సిస్టమ్ హ్యాంగ్ అయినా సగం ఇక్కడ సగం అక్కడ. ష్రింక్‌కి లేని టెన్షన్ దీనికి ఉంది. నేనైతే ఆ అవసరం వస్తే డి ఫైళ్లు బయటికి కాపీ చేసుకుని, డి ని డిలీట్ చేసి మళ్లీ చేస్తాను. (సి కీ డి కీ మధ్య రికవరీ పార్టిషన్ ఉంటే అదీ అడ్డమే.)

బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసినట్టు ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ సదుపాయం) సంగతి కూడా చూసుకోండి. కొత్త ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే చాలాసార్లు ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అయి ఉంటుంది. విండోస్ లోపలి నుంచి ష్రింక్ చేసుకోవడానికి అదేం అడ్డు కాదు, కానీ ఎప్పుడైనా బూట్ దగ్గర ఏదైనా మారితే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది, అది లేకపోతే ఫైళ్లన్నీ డిస్క్‌లోనే ఉన్నా మీకు మాత్రం అందవు. కీ మీ ఖాతాలో ఉందో లేదో చూసి కాగితం మీద రాసిపెట్టుకోండి.

250 జీబీ ఖాళీ ఉంటే 90 జీబీ కంటే ఎక్కువ ష్రింక్ చేయనివ్వడం లేదంటే కంగారుపడకండి, విండోస్ తన సొంతానికి వాడుకునే హైబర్నేషన్ ఫైలో పేజ్ ఫైలో రిస్టోర్ పాయింట్లో మధ్యలో కూర్చుని ఉంటాయి, వాటిని విండోస్ కదపదు. తాత్కాలికంగా ఆపేసి, రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నించండి. ఇంకోటి, ఆ బాక్సులో సైజు ఎంబీల్లో అడుగుతుంది, 150 జీబీ కావాలంటే 153600 కొట్టాలి.