చర్చి స్థలాన్ని బిల్డర్‌కి డెవలప్‌మెంట్‌కి ఇవ్వొచ్చా? మా సంఘం అనుభవం

మీ చర్చికి మెయిన్ రోడ్డు వైపు ఖాళీ స్థలం ఉందని, కానుకలతో రిపేర్లు, జీతాలు గడవడం లేదని, ఒక బిల్డర్ సగం సగం వాటాకి కింద షాపులు, పైన ఫ్లాట్లు కడతానంటున్నాడని, ఒప్పుకోవచ్చా అని అడిగారు. ఆ పద్ధతిలో ఇవ్వకండి. కానీ స్థలాన్ని ఖాళీగా కూడా వదిలేయకండి. ఖాళీగా పడి ఉన్న చర్చి స్థలం ఎలా ఆక్రమణల పాలవుతుందో మన ఊళ్లలో అందరూ చూస్తూనే ఉన్నారు.

మాది కృష్ణా జిల్లాలో ఒక సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం. నేను కమిటీలో ట్రెజరర్‌గా పనిచేశాను. మాకూ అచ్చం ఇలాంటి బేరమే వచ్చింది. డబ్బు పెట్టక్కర్లేదు, సగం బిల్డింగ్ మనదే అవుతుంది అనగానే సంఘంలో చాలామందికి నచ్చింది. కానీ బిల్డర్ తన వాటా ఫ్లాట్లు అమ్మినప్పుడు ఒక్కో ఫ్లాటుతో పాటు స్థలంలో అవిభాజ్య వాటా (ఇదీ అని విడదీసి చూపని ఉమ్మడి హక్కు) కూడా రిజిస్టర్ చేస్తాడు. అంటే కాంపౌండ్‌లో శాశ్వతంగా ఇతర యజమానులు ఉంటారు. ముప్పై, నలభై ఏళ్ల తర్వాత ఆ బిల్డింగ్ పాతబడితే పడగొట్టి మళ్లీ కట్టడానికి వాళ్లందరి సంతకాలూ కావాలి. దీర్ఘకాలం సంఘాన్ని పోషించాల్సింది భూమి. దాన్నే పంచేశాక మిగిలేది సగం బిల్డింగు, అది ఏటేటా పాతబడేదే.

అసలు ముందు తేల్చుకోవాల్సింది స్థలం ఎవరి పేరు మీద ఉందని. సి.ఎస్.ఐ. 1947 సెప్టెంబర్ 27న ఏర్పడింది. ఆస్తులు సాధారణంగా చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా ట్రస్ట్ అసోసియేషన్ పేరు మీద ఉంటాయి. కాబట్టి పాస్టర్ గారు, స్థానిక కమిటీ కలిసి సంతకం పెట్టినా అది చెల్లదు. డయోసిస్ (ఒక బిషప్ కింద ఉండే చర్చిల పరిపాలన) తీర్మానం, ట్రస్ట్ అసోసియేషన్ అనుమతి, పవర్ ఆఫ్ అటార్నీ ఉన్నవాళ్ల సంతకం కావాలి. లూథరన్, బాప్టిస్టు సంఘాల్లో సొసైటీ నియమావళి చూడాలి. స్వతంత్ర సంఘాల్లో అయితే స్థలం చాలాచోట్ల స్థాపక పాస్టర్ గారి సొంత పేరు మీదే ఉంటుంది. ఆయన పోయాక అది వారసుల ఆస్తి అవుతుంది. అలాంటి సంఘం ఒక్క ఇటుక పేర్చక ముందే ట్రస్టో సొసైటీయో రిజిస్టర్ చేయించి, స్థలాన్ని దాని పేరుకు మార్పించుకోవాలి. ఈ మాట పాస్టర్ గారితో చెప్పడం ఇబ్బందే, అయినా చెప్పాలి.

పెద్ద చర్చిలు ఈ పని ఎలా చేశాయో చూస్తే న్యూయార్క్‌లోని ట్రినిటీ చర్చి ఉంది. 1705లో ఇంగ్లండు రాణి ఆన్ ఆ చర్చికి 215 ఎకరాలు ఇచ్చింది. అందులో చాలా భాగం కాలక్రమంలో చేజారింది. మిగిలిన కొద్ది ఎకరాల మీద ఈ రోజుకీ ఆ చర్చికి ఆదాయం వస్తోంది. 2015లో నార్వే ప్రభుత్వ నిధిని నడిపే సంస్థ వాళ్ల 11 ఆఫీసు భవనాల్లో 44 శాతం వాటా తీసుకుంది. అయితే అది శాశ్వత అమ్మకం కాదు, 75 ఏళ్ల గడువు ఉన్న హక్కు. మనది చిన్న ఊరి చర్చి, వాళ్లతో పోలిక లేదు. కానీ గడువు పెట్టి ఇవ్వడం, నేల తన దగ్గరే ఉంచుకోవడం అన్న పద్ధతి మాత్రం మీకూ పనికొస్తుంది.

మేం చేసింది ఇంకా చిన్న పని. రోడ్డు వైపు ఒక వరస షట్టర్లు, ఒకే అంతస్తు. చర్చి గోపురం రోడ్డు మీదికి కనబడాలని పెద్దలు పట్టుబట్టారు, అది న్యాయమే. వెనక సమాధుల వైపు దారి మూయలేదు. కట్టడానికి డబ్బు మూడు దారుల్లో వచ్చింది: సంఘస్థుల ప్రత్యేక కానుకలు, డయోసిస్ నుంచి అప్పు, షాపులు తీసుకునేవాళ్ల అడ్వాన్సు. అడ్వాన్సు నెలనెలా అద్దెలో కొంత కొంత తెగిపోయేలా రాసుకున్నాం. గుడ్‌విల్ పేరుతో ఒకేసారి పెద్ద మొత్తం తీసుకుని అద్దె తక్కువ పెట్టే పద్ధతి వద్దన్నాం. అలా చేస్తే డబ్బు ఆ కమిటీ హయాంలోనే అయిపోతుంది, తర్వాతి తరానికి నామమాత్రపు అద్దె మిగులుతుంది. మా ప్రాంతంలోనే ఒక పాత సంఘంలో షాపులు ఎప్పటి అద్దెకో ఉండిపోయాయి. అద్దెదారులు వాటిని పైవాళ్లకు ఎన్నో రెట్లకు ఇచ్చుకుంటున్నారు. ఖాళీ చేయించడానికి సంఘం కోర్టు చుట్టూ తిరుగుతోంది. అందుకే మా అగ్రిమెంటులో ఏటా అద్దె పెంపు, సబ్‌లీజు నిషేధం, గడువు స్పష్టంగా ఉన్నాయి. ఏడాది దాటే లీజు తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలి, స్టాంప్ డ్యూటీ మిగులుతుందని ఆశపడకండి.

షాపులు సీల్డ్ టెండర్ల మీద ఇచ్చాం. కమిటీ సభ్యులు, వాళ్ల దగ్గరి బంధువులు టెండర్ వేయకూడదని ముందే తీర్మానం చేశాం. ఇది లేకపోతే ఎంత మంచివాళ్లున్నా సంఘం రెండు వర్గాలవుతుంది. మద్యం, పొగాకు వ్యాపారాలకు ఇవ్వలేదు. అద్దె బ్యాంకు ఖాతాలోకే రావాలి, చేతికి నగదు ఎవరూ తీసుకోకూడదు.

పన్నుల విషయం ఆడిటర్‌ని అడగండి, కానీ ఈ మూడు తెలుసుకుని వెళ్లండి. ఆదాయపు పన్ను మినహాయింపు రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ తన ఆదాయంలో 85 శాతం ఆ ఏడాదిలో సంస్థ ఉద్దేశాలకు ఖర్చు పెట్టాలి, లేదా నిబంధనల ప్రకారం దాచుకోవాలి. అలాంటి రిజిస్ట్రేషన్ ఉంటే ఆవరణలోని షాపు అద్దె నెలకి 10,000 రూపాయల లోపు, హాలు అద్దె రోజుకి 10,000 లోపు ఉన్నంతవరకు జీఎస్టీ లేదు. అది దాటి, ఏడాది ఆదాయం 20 లక్షలు మించితే 18 శాతం కట్టాలి. చర్చికి ఇంటి పన్ను లేకపోయినా షాపులకు మున్సిపాలిటీ పన్ను ఉంటుంది.

హాలు కడదామని కూడా అనుకుంటారు. కట్టండి, కానీ దాని మీదే ఆశ పెట్టుకోకండి. ముహూర్తాలు ఉన్న నెలల్లో తీరిక ఉండదు, మూఢంలో ఒక్క బుకింగూ రాదు. లెంటు రోజుల్లో (ఈస్టర్‌కి ముందు వచ్చే ఉపవాస కాలంలో) మనవాళ్ల పెళ్లిళ్లూ ఉండవు. షాపు అద్దె అలా కాదు, ప్రతి నెలా వస్తుంది.

నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టింది మాత్రం డబ్బు రావడం మొదలయ్యాకే. షాపుల అద్దె వస్తోంది కదా అని కానుకలు తగ్గాయి. అప్పుడు సంఘ సమావేశంలో గట్టిగా మాట్లాడుకుని ఒక తీర్మానం చేశాం. ఆరాధనకు, పాస్టర్ గారి జీతానికి, డయోసిస్‌కి కట్టే అసెస్‌మెంట్‌కి (సంఘం వాటా సొమ్ముకి) డబ్బు కానుకల నుంచే రావాలి. అద్దెలో మొదటి భాగం డయోసిస్ అప్పుకీ, బిల్డింగ్ రిపేర్ల నిధికీ, రెండోది విధవరాళ్లకు, పిల్లల ఫీజులకు, మూడోది ఫిక్స్‌డ్ డిపాజిట్‌కి. ఆ డిపాజిట్‌ని కమిటీ ఒక్కటే తీయలేదు, సంఘమంతా ఒప్పుకోవాలి. ఆడిట్ లెక్క ఏటా ఆదివారం ఆరాధన తర్వాత చదివి వినిపిస్తాం. కానుకలు మళ్లీ కోలుకోవడానికి ఈ చదవడమే ఎక్కువ సాయం చేసిందని నా నమ్మకం.

మీ సంఘం కూర్చునే ముందు లింక్ డాక్యుమెంట్లు (స్థలం చేతులు మారిన పాత దస్తావేజులు), ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), సర్వేయర్ కొలిచి ఇచ్చిన స్కెచ్ చేతిలో ఉంచుకోండి. సరిహద్దు తేలని స్థలం మీద మాట్లాడుకుంటే గొడవే అవుతుంది. ఆ బిల్డర్‌ని కూడా ఒకసారి పిలిచి, సగం వాటా కాకుండా కాంట్రాక్టుకి కట్టిపెడతాడా అని అడిగి చూడండి. మా దగ్గర అలాగే అడిగితే ఆయనే ఒప్పుకుని కట్టిచ్చాడు.