చికున్‌గున్యా తగ్గినా వేళ్లు సహకరించట్లేదు. డీటీపీకి పేజ్‌మేకర్, అను ఫాంట్లు వదిలేసి వేరేదానికి మారొచ్చా?

మారొచ్చండీ. నాదీ డీటీపీ (కంప్యూటర్‌లో అచ్చుకు పేజీలు తయారుచేసే) పనే, నేనూ ఆ జ్వరం తర్వాతే మారాను. జ్వరం కొద్ది రోజుల్లోనే దిగింది గానీ కీళ్ల నొప్పులు నెలల తరబడి వదల్లేదు. పొద్దున లేవగానే పిడికిలి బిగిసేది కాదు, టూత్‌పేస్ట్ మూత తిప్పాలన్నా ఇంట్లోవాళ్లను పిలవాల్సిందే. ఎండెక్కేసరికి వేళ్లు కాస్త సడలేవి. అప్పుడు కూడా చిటికెన వేలితో షిఫ్ట్ నొక్కి పట్టుకోవాలంటే ప్రాణం పోయేది.

ముందు ఒంటి సంగతి. ఈ వైరస్‌ని చంపే మందంటూ లేదు, నొప్పికి ఉపశమనమే. అలాగని మెడికల్ షాపులో అడిగి నొప్పి మాత్రలు మింగుతూ పోకండి. జ్వరం కొత్తలో డెంగీ కాదని తేలేదాకా ఆస్పిరిన్ లాంటివి ప్రమాదం కూడా. నెలలు గడిచినా వాపులుంటే కీళ్ల జబ్బులు చూసే రుమటాలజిస్టుకు చూపించుకోండి.

ఇక సాఫ్ట్‌వేర్. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత అడోబీ కొత్త వెర్షన్ తేలేదు. అయినా మిమ్మల్ని కట్టిపడేస్తున్నది పేజ్‌మేకర్ కాదు, అను లాంటి యూనికోడ్ కాని ఫాంట్లు. యూనికోడ్ అంటే ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో, ఫోన్లలో ఒకే కోడ్ ఉండే పద్ధతి. అక్షరాలు యూనికోడ్‌లో ఉంటే వాటిని వేళ్లతోనే కొట్టాలన్న నియమం పోతుంది. నా చేతుల్ని కాపాడింది ఇదే. గూగుల్ డాక్స్‌లో వాయిస్ టైపింగ్ తెలుగు తీసుకుంటుంది, ఫోన్లో గూగుల్ కీబోర్డు జీబోర్డూ అంతే. వ్యాసం చదివి వినిపిస్తే టెక్స్ట్ తయారవుతుంది. ఒత్తులు, పేర్లు, విరామ చిహ్నాలు తప్పకుండా దిద్దుకోవాలి, కానీ దిద్దడానికి పట్టే మీటలు మొత్తం కొట్టడానికి పట్టేవాటికన్నా చాలా తక్కువ. దిద్దేటప్పుడు విండోస్‌లో స్టిక్కీ కీస్ ఆన్ చేసుకోండి. షిఫ్ట్‌ని పట్టుకోనక్కర్లేదు, ఒకసారి నొక్కి వదిలేస్తే చాలు.

పేజీలు కట్టడానికి స్క్రైబస్ వాడండి. ఉచితం. ఒకప్పుడు ఇందులో తెలుగు ఒత్తులు విడిపోయి కనిపించేవి. 2024 జనవరిలో వచ్చిన 1.6లో సరిగ్గా కూర్చుంటున్నాయి, అంతకన్నా పాతది దించుకోకండి. సీఎంవైకే (ప్రెస్సులో వాడే నాలుగు రంగుల పద్ధతి) పీడీఎఫ్ ఇస్తుంది, ఫాంట్లు అందులోనే ఇమిడిపోతాయి కాబట్టి ప్రెస్సువాళ్ల దగ్గర ఆ ఫాంటు లేకపోయినా ఇబ్బంది లేదు. రంగులు లేని మామూలు పుస్తకమైతే లిబ్రేఆఫీస్ రైటర్ కూడా సరిపోతుంది. ఫాంట్లకు మండలి, సూరన్న, రామభద్ర, ఎన్‌టీఆర్ లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. పుస్తకం లోపలి పేజీలకు నాకు మండలి బాగా నచ్చింది.

ఇక పాత ఫైళ్లేం చేయాలంటారా. లిబ్రేఆఫీస్ డ్రా పేజ్‌మేకర్ ఫైళ్లను తెరుస్తుంది. కాకపోతే అను టెక్స్ట్ లోపల తెలుగుగా ఉండదు, ఫాంటు తీసేస్తే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ప్రూఫు మళ్లీ చదవాల్సిందే. అందుకే అన్నీ మార్చే పని పెట్టుకోకండి, మళ్లీ అచ్చుకు వెళ్లేవి మాత్రమే మార్చుకోండి. పెళ్లికార్డులు నేనింకా అనులోనే చేస్తున్నాను. అన్ని రకాల అలంకార లిపులు యూనికోడ్‌లో నాకు దొరకలేదు, పైగా కార్డుకి కొట్టాల్సింది నాలుగు లైన్లే. వేళ్లను తినేది పేజీల కొద్దీ ఉండే పుస్తకం పని. ముందు దాన్ని మార్చండి.