మందారాన్నీ గన్నేరునీ ఒకే పాదులో నాటకు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం అందింది. ఇంటి ముందు ఎండ బాగా పడే జాగా ఉందనీ, మందారం మొక్క ఒకటీ గన్నేరు మొక్క ఒకటీ తెచ్చుకున్నాననీ, రెండూ పూలపొదలే కాబట్టి ఒకే పాదు తీసి పక్కపక్కన నాటితే నీళ్లు పెట్టే పని తేలికవుతుందా అనీ అడిగావు. వద్దమ్మా. నలభై ఏళ్ల కిందట నేను సరిగ్గా ఇదే పని చేశాను. మొదటి ఏడాది మందారానికి సరిపోయేలా నీళ్లు పెడితే గన్నేరు కింది ఆకులు పసుపెక్కి రాలాయి, పైన ఆకే తప్ప పువ్వు కనబడలేదు. రెండో ఏడాది గన్నేరును చూసి నీళ్లు తగ్గిస్తే మందారం మొగ్గలన్నీ విచ్చకుండానే నేల రాలాయి. తప్పు మొక్కలది కాదు, నాది.

ఆ రెండింటి ఆకులను పక్కపక్కన పెట్టి చూస్తే వాటి స్వభావం నీకే తెలుస్తుంది. మందారం ఆకు వెడల్పుగా, పలుచగా, అంచున రంపపు పళ్లతో ఉంటుంది. ఎండ ముదిరితే ఆ ఆకు ద్వారా నీరు త్వరగా ఆవిరైపోతుంది, మధ్యాహ్నానికి తల వాల్చేస్తుంది. గన్నేరు ఆకు సన్నగా, పొడుగ్గా, తోలులా మందంగా ఉండి, కణుపుకు సాధారణంగా మూడేసి చొప్పున వస్తుంది. ఆకు అడుగున గాలి పీల్చే రంధ్రాలు పైకి కనిపించకుండా, నూగుతో నిండిన చిన్న చిన్న గుంటలలో దాగి ఉంటాయి కనుక, వడగాలి నేరుగా వాటిని తాకి నీటిని లాక్కుపోలేదు. అడవిలో అది పెరిగే చోట్లు కూడా అలాంటివే. ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండిపోయి, వానలప్పుడు మాత్రం పారే వాగుల ఒడ్డున పెరిగే జాతి అది. మందారానికి ఆ మొండితనం లేదు. మనుషులు తరతరాలుగా తోటల్లో పెంచుకుంటూ వచ్చిన మొక్క కావడం వల్ల కాబోలు, రోజూ ఒకరు తనను పలకరించాలని కోరుకుంటుంది.

కాబట్టి మందారానికి నేల ఎప్పుడూ కొంచెం చెమ్మగా ఉండాలి, కానీ నీరు నిలవకూడదు. వేలు మట్టిలో ఒక అంగుళం లోపలికి దించి చూడు. పొడిగా తగిలితే నిండా పెట్టు, తడిగా ఉంటే ఆ పూటకు వదిలెయ్యి. మొగ్గలు రాలుతున్నాయని చాలామంది మందుల కోసం పరుగెత్తుతారు గాని, పదింట ఎక్కువసార్లు కారణం ఒకరోజు ఎండగట్టి మరునాడు ముంచెత్తడమే. నీళ్లు సక్రమంగా పెడుతున్నా మొగ్గలు రాలితే అప్పుడు ఒక మొగ్గను చీల్చి చూడు, లోపల తామర పురుగులు ఉండవచ్చు. గన్నేరు వేళ్లూనుకున్న తరువాత, నేల బాగా ఆరాక మాత్రమే నీరు పెట్టు. అది ఉప్పుగాలినీ, బలహీనమైన నేలనూ కూడా ఓర్చుకుంటుంది. 1945లో అణుబాంబుతో బుగ్గి అయిన హిరోషిమాలో మొదటగా పూసిన పువ్వు గన్నేరేనని చెబుతారు. 1973లో ఆ నగరం దానినే తన పుష్పంగా ఎంచుకుంది.

ఎండ రెండింటికీ కావాలి. నీడలో గన్నేరు కొమ్మలు సాగి సన్నబడతాయి, పువ్వు తగ్గుతుంది. మందారానికి ఐదారు గంటల ఎండ చాలు. కుండీలో ఉంటే మండు వేసవి మధ్యాహ్నాలలో కొంత నీడ మేలు చేస్తుంది. చలి మాత్రం దానికి పడదు. పది డిగ్రీలకు దిగితే ఆకులు రాల్చడం మొదలుపెడుతుంది, మంచు పేరుకుంటే చచ్చిపోతుంది. గన్నేరు కొద్దిపాటి మంచును తట్టుకుంటుంది.

పువ్వు విషయంలో నువ్వు నిరాశపడకుండా ముందే చెప్పాలి. మందారం పువ్వు చాలా రకాలలో ఒక్క రోజుదే. పొద్దున విచ్చి సాయంత్రానికి ముడుచుకుంటుంది. అంత పెద్ద పువ్వును రోజూ కొత్తగా తయారు చేసుకోవాలి కాబట్టే దానికి ఆహారం ఎక్కువ కావాలి. చివికిన పశువుల ఎరువు నెలకోసారి కొద్దికొద్దిగా వెయ్యి, పొటాష్ ఉండేటట్లు చూసుకో, భాస్వరం ఎక్కువ ఉన్న ఎరువులు మాత్రం తగ్గించు. లేత ఆకుల ఈనెలు పచ్చగానే ఉండి మధ్య భాగం పసుపెక్కితే అది ఇనుము అందకపోవడం. సున్నం ఎక్కువ ఉన్న నేలలో ఇది మామూలే. గన్నేరు కొమ్మ చివర గుత్తులుగా పూస్తుంది, ఒక్కొక్క పువ్వు కొన్ని రోజులు నిలుస్తుంది. దానికి నీళ్లు ఎక్కువైనప్పుడు నేను చూసినట్టే, ఎరువు ఎక్కువైనా ఆకు తప్ప పువ్వు ఉండదు. ఏడాదికోసారి కాస్త చివికిన ఎరువు వేసి మరచిపో.

రెండూ కొత్త కొమ్మల మీదే పూస్తాయి కనుక కత్తిరింపు తప్పదు, కానీ కాలం వేరు. మందారాన్ని చలి తగ్గి చిగురు వేయబోయే ముందు మూడో వంతుకు మించకుండా కత్తిరించు. గన్నేరును పూత అయిపోయాక కత్తిరించు; మోడుగా కొట్టినా మళ్లీ పిలకలు వేస్తుంది, అందుకే నీ చెయ్యి అక్కడ వణకనక్కర లేదు. మందారానికి పిండినల్లి పెద్ద శత్రువు. చీమలు కాండం మీద బారులు తీరాయంటే పైన పిండినల్లో పేనుబంకో ఉందని అర్థం. నీటి ధారతో కడిగి, సాయంత్రం పలుచని సబ్బునీళ్లు చల్లు. గన్నేరు లేత కొమ్మలకు పసుపుపచ్చని పేనుబంక పడుతుంది. ఆ పురుగు మొక్క విషాన్ని తన ఒంట్లో నింపుకుని, తనను తినవచ్చే పురుగులనుంచి కాపాడుకుంటుంది.

విషం మాట వచ్చింది కనుక అసలు సంగతికి వస్తాను. ఆకు, పువ్వు, బెరడు, వేరు, విత్తనం, గన్నేరులో విషం లేని భాగమంటూ లేదు. ఆ విషం గుండె కొట్టుకునే లయను చెడగొడుతుంది. ఎండిపోయిన ఆకులోనూ అది పోదు, పూలు పెట్టిన గిన్నెలోని నీటిలోనూ ఉంటుంది. కత్తిరించేటప్పుడు చేతికి తొడుగులు వేసుకో, రసం కళ్లకు తగలనివ్వకు, కత్తెర కడిగి పెట్టు. కొమ్మలను తగలబెట్టకు, పొగ కూడా హాని చేస్తుంది. పశువులు మేసే చోట వెయ్యకు. ఎవరైనా నోట్లో పెట్టుకుంటే ఇంటి చిట్కాలు వద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లు. పచ్చగన్నేరు వేరే మొక్క అయినా అదీ ఇంతే ప్రమాదకరం. పేర్లు కలిశాయి గాని బిళ్ళగన్నేరు, దేవగన్నేరు మరో రెండు వేరు వేరు మొక్కలు, అమ్మేవాళ్లు చెప్పిన పేరును బట్టి నిర్ణయానికి రాకు.

నీ బాబు ఇప్పుడు చేతికందిందల్లా నోట్లో పెట్టుకునే వయసులో ఉన్నాడు. అందుకని గన్నేరును ఇంటి ముందు కాకుండా, వాడు ఆడని ప్రహరీ చివర నాటు. అక్కడ దుమ్మునూ గాలినీ ఆపడానికి కూడా అది పనికివస్తుంది. ఆ మాత్రం దూరం కూడా లేకపోతే రెండు మూడేళ్లు ఆగు, ఆ మొక్కను పిల్లలు లేని వాళ్లకు ఇచ్చెయ్యి. తరువాత కావాలంటే ఒక కొమ్మ తెచ్చి నీళ్లలో పెట్టినా అది వేరు వేస్తుంది. మందారాన్ని నువ్వు రోజూ నడిచే దారి పక్కన, గుమ్మానికి దగ్గరగా నాటు, వాడిపోయినప్పుడు నీ కంట పడుతుంది.

గన్నేరుకు నీళ్లు తగ్గించమన్నానని నాటిన రోజు నుంచే తగ్గించకు. వేళ్లు లోతుకు దిగేదాకా, అంటే మొదటి ఏడాదంతా, దానికీ క్రమంగా నీళ్లు కావాలి.

ఇట్లు,
నీ పెదనాన్న